ఆగితే వేడెక్కే అంబాసిడర్

(ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురంలో పాత కార్ల యజమానులు, డ్రైవర్లు, మెకానిక్కులు కలిసిన ఒక ఆదివారం చేసిన ప్రసంగం. మాట్లాడినది ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ బోధించి రిటైరైన మాస్టారు. ప్రశ్నలు, జవాబులు చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ కుర్రాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నాకు మైకు అంతగా అలవాటు లేదు. వర్క్‌షాపులో అరిచి చెప్పడమే అలవాటు. (నవ్వులు)

ఇవాళ ఒకే ఒక్క జబ్బు గురించి మాట్లాడతాను. బండి రోడ్డు మీద చక్కగా పోతూ ఉంటుంది. ఊళ్లోకొచ్చి ఏ రైల్వే గేటు దగ్గరో, సంతలోనో ఆగేసరికి టెంపరేచర్ ముల్లు పైకి లేవడం మొదలెడుతుంది. ఇంకాసేపు అలాగే ఆగితే రేడియేటర్ మూత దగ్గర బుస్సుమంటుంది. మళ్లీ కదిలి ఊరు దాటితే ముల్లు దానంతటదే దిగిపోతుంది. మీ బండికి ఇది ఎప్పుడూ రాలేదన్నవాళ్లు చెయ్యెత్తండి. చూశారా, ఒక్క చెయ్యీ లేవలేదు.

ఇలాంటి బండిని షెడ్డుకి తీసుకెళ్తే ఏమవుతుందో మీకూ తెలుసు. "హీటెక్కుతోంది" అని మీరంటారు. రేడియేటర్ విప్పుతారు. నయం కాకపోతే వాటర్ పంపు మారుస్తారు. అప్పటికీ నయం కాకపోతే థర్మోస్టాట్, అదే నీళ్లు వేడెక్కాక రేడియేటర్ దారి తెరిచే చిన్న వాల్వు, పీకి డబ్బాలో పారేస్తారు. ఆఖరికి హెడ్, అంటే ఇంజన్ పై మూత, దించుతారు. బిల్లు చూస్తే బండి అమ్మేసినా అంత రాదు. ఇంత చేసినవాళ్లలో ఒక్కరూ మిమ్మల్ని అడగని ప్రశ్న ఒకటుంది. ఎప్పుడు హీటెక్కుతోంది? ఘాట్ ఎక్కేటప్పుడా, సాఫు రోడ్డు మీద స్పీడులోనా, ఆగినప్పుడా, ఇంజన్ కట్టేశాకా? ఈ నాలుగింటికి నాలుగు వేరే కారణాలు. ఆగినప్పుడు మాత్రమే హీటెక్కే బండికి, సగం బళ్లలోనైనా, రేడియేటర్ మార్చాల్సిన పనే లేదు. నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతాదంతా దీనికి వివరం.

ముందు ఒక సంగతి చూద్దాం. కదిలే బండికీ ఆగిన బండికీ తేడా ఏమిటి? నీళ్లు అవే, రేడియేటర్ అదే, ఇంజన్ అదే. మారేది గాలి. బండి నలభైలో పోతుంటే ఎదురుగాలే గ్రిల్లులోంచి దూసుకొచ్చి రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఆ స్పీడులో ఫ్యాన్ ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఉండదు. ఆగారంటే ఎదురుగాలి సున్నా. మొత్తం భారం ఫ్యాన్ మీదే పడుతుంది. మన పాత బళ్లలో ఆ ఫ్యాన్ వాటర్ పంపు ముక్కుకే బిగించి ఉంటుంది, బెల్టుతో తిరుగుతుంది. ఇంజన్ స్లోలో, అంటే ఎక్సలేటర్ తొక్కకుండా, నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లు తిరుగుతుంటే ఫ్యాన్ కూడా ఇంచుమించు అంతే తిరుగుతుంది. అంటే సాయం ఎక్కువ కావలసినప్పుడే అది నీరసంగా తిరుగుతుంది. పంపు కూడా అప్పుడే నెమ్మదిగా నీళ్లు తోస్తుంది. కొందరు మైలేజీ కోసమని స్లో స్క్రూ తిప్పి ఇంజన్‌ను ఇంకా నీరసం చేస్తారు. ఆగితే "దుబ్ దుబ్" అని నిద్రపోతున్నట్టు ఉంటుంది. వినడానికి బాగుంటుంది. మాన్యువల్లో ఎంత రాసి ఉందో అంత పెట్టండి, అంతకన్నా తగ్గించకండి.

ఇప్పుడు ఘాట్ సంగతి. సాలూరు దాటి సుంకి ఎక్కేటప్పుడు బండి సెకండ్ గేర్లో ఇరవై, పాతికలో లాగుతుంది. అక్కడ ఎదురుగాలి తక్కువ, ఇంజన్ మీద లోడు పూర్తిగా ఉంది, వేడి బాగా పుడుతోంది. కానీ ఇంజన్ చుట్లు ఎక్కువ కాబట్టి ఫ్యాన్ గట్టిగా తిరుగుతోంది, పంపు గట్టిగా తోస్తోంది. ఆ పరీక్షలో ముల్లు కదలని బండికి రేడియేటర్ గొట్టాలు మూసుకుపోయాయంటే నేను నమ్మను. సుంకి చల్లగా ఎక్కిన బండి జయపురం మెయిన్ రోడ్డులో దసరా రద్దీకి ఆగి హీటెక్కిందంటే రేడియేటర్ జోలికి పోకండి. సాఫు రోడ్డు మీద చల్లగా ఉందని మాత్రం ఎవరూ మురిసిపోవద్దు. అక్కడ లోడు తక్కువ, గాలి ఎక్కువ. సగం మూసుకుపోయిన రేడియేటరయినా అక్కడ నెట్టుకొచ్చేస్తుంది.

ఇంకా ముందు అడగాల్సింది ఒకటుంది. అసలు బండి నిజంగా హీటెక్కుతోందా? మీటరు చెప్పేదంతా నిజం కాదు. కొన్ని పాత కార్లలో టెంపరేచర్ మీటరుకీ, పెట్రోలు మీటరుకీ కలిపి ఒకే వోల్టేజ్ స్టెబిలైజర్ ఉంటుంది, డ్యాష్‌బోర్డు వెనక చిన్న డబ్బా. అది పోయినా, దాని ఎర్తు వదులైనా రెండు ముళ్లూ ఎక్కువ చూపిస్తాయి. కాబట్టి టెంపరేచర్ లేచినప్పుడు పక్కన పెట్రోలు ముల్లు చూడండి. పోసిన పెట్రోలు కన్నా ఎక్కువ చూపిస్తోందంటే వేడి ఇంజన్లో లేదు, వైర్లలో ఉంది.

అనుమానం తీరాలంటే టెంపరేచర్ గన్ కొనండి. మెకానిక్కులు వాడేది, కరోనా రోజుల్లో నుదుటికి పెట్టినది కాదు. ఆ నుదుటి గన్ జ్వరం దాటి కొలవలేదు, రేడియేటర్‌కి పెడితే ఎర్రరే. (నవ్వులు) సరైన గన్ తెచ్చాక కూడా ఒక జాగ్రత్త. మెరిసే ఇత్తడి మీద పెడితే అది తక్కువ చూపిస్తుంది. నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి. థర్మోస్టాట్ గూడు మీద ఒకటి, రేడియేటర్ పై ట్యాంకు మీద ఒకటి, కింది ట్యాంకు మీద ఒకటి. పైదీ కిందిదీ ఇంచుమించు ఒకే వేడి మీద ఉన్నాయంటే నీళ్లు బాగానే తిరుగుతున్నాయి, వేడిని తీసుకుపోయే గాలి లేదు. పైది కాలిపోతూ కిందిది గోరువెచ్చగా ఉందంటే నీళ్లు తిరగడం లేదు. పంపు కానీ, గొట్టాలు కానీ. కోర్, అంటే రేడియేటర్ మధ్యలో గొట్టాలు, రేకులు ఉన్న భాగం, దాని మీద అక్కడక్కడా చల్లటి మచ్చలు దొరికితే ఆ చోట గొట్టాలు మూసుకున్నట్టే.

మనం ఉండే ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. సముద్రమట్టం దగ్గర నీళ్లు 100 డిగ్రీలకి మరుగుతాయి. ప్రతి 300 మీటర్ల ఎత్తుకీ ఇంచుమించు ఒక డిగ్రీ తగ్గుతుంది. కొరాపుట్ 870 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ 97 డిగ్రీలకే మరుగుతాయి. విశాఖపట్నంలో పేచీ పెట్టని బండి కొండ మీదికొచ్చి బుస్సుమనడానికి ఇదొక కారణం. దీనికి విరుగుడు రేడియేటర్ మూతలోనే ఉంది. ప్రెషర్ కుక్కర్ ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే. లోపల ఒత్తిడి నిలిస్తే నీళ్లు ఆలస్యంగా మరుగుతాయి. 7 పౌండ్ల మూత, అంటే చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడి నిలిపేది, సరిగ్గా పట్టి ఉంచితే కొరాపుట్‌లో కూడా 109 దాకా మరగవు. మూత లోపలి రబ్బరు ఎండి పగిలిందంటే, స్ప్రింగ్ లూజయిందంటే, మళ్లీ 97కి వచ్చేశాం. మూత మీద అంకె చూసి, కంపెనీ చెప్పినదే వేయండి. గట్టిది వేస్తే ఇంకా మంచిదని 15 పౌండ్లది వేసేవాళ్లున్నారు. ముప్పై, నలభై ఏళ్ల నాటి రేడియేటర్ అతుకులు ఆ ఒత్తిడికి విడిపోతాయి. సైజు కూడా చూడాలి. మూత మెడలో లోతు తేడా ఉంటే బయటికి బిగిసినట్టే కనపడుతుంది, లోపల సీలు తగలదు.

సరే, గాలి దగ్గరికి వద్దాం. దీనికి కావలసిన పనిముట్టు నిన్నటి న్యూస్‌పేపరు. సగం షీటు తీసుకోండి. ఇంజన్ వేడెక్కాక, స్లోలో ఉండగా, రేడియేటర్ ముందు పెట్టి వదలండి. ఫ్యాన్ లాగుతుంటే కాగితం కోర్‌కి అంటుకుని నిలబడుతుంది. జారి కింద పడిందంటే జబ్బు దొరికినట్టే. మధ్యలో అంటుకుని మూలల్లో పడిపోతే ఫ్యాన్ లాగుతోంది కానీ కోర్ అంతటి మీదా లాగడం లేదు. ఫ్యాన్ చుట్టూ రేకు గూడు, అదే ష్రౌడ్, లేకపోతే ఇలా ఉంటుంది. గూడు లేని చోట వేడి గాలి రెక్కల అంచుల పక్క నుంచి తిరిగి రేడియేటర్ ముందుకే వచ్చేస్తుంది, ఫ్యాన్ ఆ వేడి గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. కంపెనీ ష్రౌడ్ ఇచ్చిన బండి అయితే "పనికి అడ్డం" అని ఎవరో ఎప్పుడో తీసి పారేసి ఉంటారు. వెతికి బిగించండి. రెక్కలు సగం గూడు లోపల, సగం బయట ఉండాలి.

బెల్టు సంగతి మీకు చెప్పక్కర్లేదనుకుంటాను, అయినా ఒక మాట. పొడుగు వైపు మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. చూడాల్సింది ఇంకొకటుంది. వీ బెల్టు పట్టు పక్కల మీద ఉంటుంది, అడుగున కాదు. అరిగిన బెల్టు పుల్లీ గాడి అడుక్కి దిగిపోతుంది. ఎంత బిగించినా జారుతుంది. అడుగు మెరుస్తోందంటే మార్చేయండి.

ఇక్కడ ఒక బండి సంగతి చెప్పాలి. తెల్ల అంబాసిడర్, మార్క్ ఫోర్. పెళ్లిళ్లకి తిరిగే బండి. మన దగ్గర పెళ్లి ఊరేగింపు ఎలా ఉంటుందో తెలుసుగా, ముందు బ్యాండు, దాని ముందు కుర్రాళ్ల డ్యాన్సు, వెనక పెళ్లికొడుకు కారు. నడిచేవాడి కన్నా నెమ్మది. అరగంట అలా సాగేసరికి ఆవిరి పైకి లేచి, పెళ్లికొడుకు దిగి నడవాల్సి వచ్చిందట. (నవ్వులు) అప్పటికే కొత్త రేడియేటర్ వేయించారు. కొత్త పంపు వేయించారు. పంపు వేసిన నాటి నుంచే జబ్బు ఇంకా ముదిరిందని ఓనరు అన్నాడు. ఆ ఒక్క మాట చాలు, ఎక్కడ చూడాలో తెలిసిపోతుంది.

బానెట్ ఎత్తి, ఇంజన్ కట్టేసి, ఫ్యాన్ రెక్క మీద వేలు పెట్టి చూశాం. రెక్కకి ఒక వైపు గుంటగా ఉంటుంది, ఒక వైపు ఉబ్బుగా ఉంటుంది. గుంట వైపు ఇంజన్‌కేసి ఉండాలి, గాలిని అటే తోయాలి కాబట్టి. ఈ బండిలో గుంట రేడియేటర్ వైపు ఉంది. పంపు మార్చిన రోజు ఫ్యాన్‌ని తిరగేసి బిగించారు. తిరగేస్తే గాలి వెనక్కి తన్నుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. రెక్కల ఏటవాలు మారదు కాబట్టి గాలి అటే పోతుంది, కానీ బాగా తగ్గిపోతుంది. అందుకే చెయ్యి పెట్టి చూసిన మెకానిక్‌కి గాలి వస్తున్నట్టే అనిపించింది. కాగితం మాత్రం నిలబడలేదు. నాలుగు బోల్టులు విప్పి, తిప్పి బిగిస్తే అదే కాగితం చెంపదెబ్బలా వెళ్లి అంటుకుంది. ఖర్చు సున్నా. దాని తర్వాత గ్రిల్లు చూశాం. పెళ్లి పేర్ల బోర్డు గ్రిల్లుకి తీగతో కట్టి ఉంది, దాని చుట్టూ బంతిపూల దండలు. లోపల ఎప్పటివో పువ్వులు ఎండి కోర్ రెక్కల మధ్య ఇరుక్కుని ఉన్నాయి. మీలో పెళ్లిళ్లకి తిప్పేవాళ్లు బోర్డు బానెట్ మీద పెట్టుకోండి, గ్రిల్లు వదిలేయండి. అదనపు హారన్లు, ఫాగ్ ల్యాంపులు, పురుగులు రాకుండా బిగించే జాలీ, తర్వాత వేయించిన ఏసీ కండెన్సర్, ఇవన్నీ కూడా గాలికి అడ్డమే. కోర్ కడిగేటప్పుడు ఇంజన్ వైపు నుంచి ముందుకి నీళ్లు కొట్టండి, మెల్లగా. సర్వీసింగ్ గన్ దగ్గరగా పెట్టి కొడితే రేకులు మడత పడతాయి.

కాగితం నిలబడింది, అయినా హీటెక్కుతోంది. అప్పుడేం చేయాలి? ఇంట్లో ఉన్న పెద్ద ఫ్యాన్, స్టాండ్ ఫ్యాన్ తెచ్చి గ్రిల్లు ముందు ఫుల్లు మీద పెట్టండి. బండి స్లోలోనే ఉండాలి. ముల్లు దిగిందా, తక్కువైంది గాలే. దిగలేదా, గాలి వదిలేసి నీళ్ల వైపు, మంట వైపు రండి. ఆ ఫ్యాన్ తీసేసి ఎక్సలేటర్ పదిహేను వందల చుట్ల దగ్గర పట్టుకుని చూడడం ఇంకో పరీక్ష. చాలామంది దీన్నొక్కటే చేస్తారు. ముల్లు దిగితే గాలి అని తేల్చేస్తారు. రేస్ చేస్తే ఫ్యాన్‌తో పాటు పంపు కూడా వేగం పెరుగుతుంది, టైమింగ్, అంటే స్పార్క్ పడే వేళ, కూడా ముందుకు జరుగుతుంది. మూడింటిలో ఏది నయం చేసిందో తెలియదు. అందుకే స్టాండ్ ఫ్యాన్ పరీక్ష ముందు చేయాలి.

నీళ్ల వైపు. ఎక్కువైన నీళ్లు పట్టే విడి డబ్బా లేని పాత రేడియేటర్‌ని మెడ దాకా నింపేవాళ్లకి ఒక మాట. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి, ఎక్కువైనవి పైపులోంచి పోతాయి. మర్నాడు చూసి "నీళ్లు తాగేస్తోంది" అని మళ్లీ మెడ దాకా పోస్తారు. కోర్ మునిగి, పైన ఒక అంగుళం ఖాళీ ఉంటే చాలు. రెండు, మూడు రోజులు అదే మట్టం మీద నిలిచిందంటే బండి ఏమీ తాగడం లేదు.

నీళ్లు మార్చినప్పుడు అందరూ రేడియేటర్ కింది ట్యాపు తిప్పుతారు. ఇంజన్ బ్లాకుకి పక్కన ఇంకో డ్రెయిన్ ట్యాపు ఉంటుందని ఎంతమందికి తెలుసు? దాన్ని విప్పండి. చాలా బళ్లలో విప్పితే ఏమీ రాదు. ఒక్క చుక్క కూడా. లోపల నీళ్లు లేక కాదు, తుప్పు బురద గట్టిపడి కన్నం మూసుకుపోయింది కాబట్టి. తీగతో పొడిస్తే ముందు ముద్దగా, తర్వాత ఎర్రగా, తర్వాత టీ రంగులో వస్తుంది. ఆ బురద వెనక సిలిండర్ల చుట్టూ పేరుకుంటుంది. కొత్త రేడియేటర్ వేసినా ఇది అలాగే ఉంటుంది, పైగా ఇదే కొట్టుకొచ్చి కొత్త కోర్‌లో చేరుతుంది. మన బోరు నీళ్లలో సున్నం ఉంటుంది, చాలా చోట్ల ఇనుము కూడా ఉంటుంది. బకెట్లో రాత్రి పట్టి ఉంచితే అడుగున ఎర్ర మడ్డి కనపడే నీళ్లు రేడియేటర్‌లో పోయకండి.

పంపు లోపలి రెక్కలు తుప్పుకి అరిగి పళ్లెంలా అయిపోయినవి నేను చూశాను. స్పీడులో అది ఎలాగో నెట్టుకొస్తుంది, స్లోలో నీళ్లు కదలనే కదలవు. మూత తీసి, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ తెరుచుకున్నాక పై ట్యాంకులోకి చూస్తే నీటి పరుగు కనపడుతుంది. చల్లగా ఉన్నప్పుడు మూత తీసి మొదలెట్టాలి. వేడి మీద తీయకండి, గుడ్డ వేసి కూడా. కింది హోస్ పైపు అప్పడంలా అతుక్కుపోవడం మాత్రం రేస్ చేసినప్పుడు వచ్చే జబ్బు, ఆగినప్పటిది కాదు.

ఇప్పుడు ఎవరూ చూడని చోటు. టైమింగ్. ఆగిన ఇంజన్ ఏ పనీ చేయడం లేదు కదా, అంత వేడి ఎక్కడిది? స్పార్క్ ఆలస్యంగా పడితే మంట ఆలస్యంగా మొదలై, ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునే వేళకి కూడా ఇంకా మండుతూ ఉంటుంది. ఆ మంట హెడ్‌లోని ఎగ్జాస్ట్ దారుల గుండా పోతూ చుట్టూ ఉన్న నీళ్లకి వేడి ఎక్కిస్తుంది. స్పార్క్ కోసం కరెంటును కలుపుతూ తెంపుతూ ఉండే సీబీ పాయింట్ల మడమ, అంటే క్యామ్‌కి రాసుకునే చోటు, అరిగినకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, టైమింగ్ వెనక్కి జరుగుతుంది. ఎవరూ ముట్టుకోకుండానే జరిగే పని ఇది. ముందు గ్యాప్ సరిచేసి, ఆ తర్వాత టైమింగ్ పెట్టాలి, తలకిందులుగా కాదు. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ పక్కన టైమింగ్‌ని జరిపే వాక్యూమ్ డబ్బా ఉంటుంది, దాని పైపు విప్పి నోటితో పీల్చి చూడండి. నాలుక పెడితే పట్టుకుని నిలబడాలి. గాలి వదిలేస్తోందంటే లోపల పొర చిరిగింది.

పెట్రోలు గాలి పాళ్లు కూడా చూడాలి. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైతే స్లోలో వేడి పెరుగుతుంది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. కొత్త కార్లలో కంప్యూటర్ దాన్ని సర్దుకుంటుంది. మన కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే కన్నం, అదే జెట్టు, సైజు ఎప్పటిదో అప్పటిదే, కాబట్టి అదే జెట్టుతో మిక్చర్ పలచనవుతుంది. ఐడిల్, అంటే స్లో, మిక్చర్ స్క్రూ కొద్దిగా సరిచేసుకోవాలి. కార్బురేటర్ నుంచి ఇంజన్‌కి పోయే మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర గాలి పీలుస్తోందేమో కూడా చూసుకోండి. డీజిల్ బండి వాళ్లకి ఈ గొడవ లేదు. డీజిల్ ఇంజన్ స్లోలో చాలా తక్కువ ఇంధనం కాలుస్తుంది, ఆగి హీటెక్కడం అరుదు. అది ఆగి హీటెక్కిందంటే భయపడాల్సిందే.

థర్మోస్టాట్ గురించి నాకు కొంచెం కోపం ఉంది, ఓపిక పట్టండి. "మన ఎండలకి అది ఎందుకు సార్" అని తీసేస్తారు. థర్మోస్టాట్ 82 దగ్గరో 88 దగ్గరో తెరుచుకుంటుంది, అంకె దాని మీదే కొట్టి ఉంటుంది. ముల్లు ఎర్ర గీతకి వచ్చేసరికి అది ఎప్పుడో తెరుచుకుని ఉంటుంది. తెరిచిన తలుపుని పీకేస్తే ఇంట్లోకి ఎక్కువ గాలి రాదు కదా. అది తెరుచుకోకుండా ఇరుక్కుపోతే వేడెక్కుతుంది, నిజమే. కానీ అప్పుడు ఆగినా వేడే, పోతున్నా వేడే. ఆగినప్పుడు మాత్రమే వచ్చే జబ్బు దానిది కాదు. అనుమానముంటే గిన్నెలో నీళ్లు పెట్టి, థర్మామీటర్ వేసి, మరగబెట్టి చూడండి. తీసేసిన బండి డిసెంబర్ పొద్దున సెమిలిగుడలో వేడెక్కడానికి ఎంతసేపు పడుతుందో చూశారా? చోక్ మీద నడిచినంతసేపూ సిలిండర్ అరుగుతూనే ఉంటుంది. కొన్ని ఇంజన్లలో అయితే థర్మోస్టాటే బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే వేడి నీళ్లలో కొంత రేడియేటర్‌కి పోకుండా ఇంజన్‌లోకే తిరిగి వస్తాయి, జబ్బు ఇంకా పెరుగుతుంది.

హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ గురించి క్లుప్తంగా. చల్లటి ఇంజన్, మూత తీసి, బెల్టు ఒక నిమిషం విప్పి స్టార్ట్ చేయండి. నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటే, గ్యాస్కెట్ కానీ, హెడ్ పగులు కానీ. నిమిషం దాటనివ్వకండి. బుడగలు లేకపోతే హెడ్ దించమన్న మెకానిక్‌కి దండం పెట్టి వచ్చేయండి. (చప్పట్లు)

ఇక మీరడగండి.

ఒక డ్రైవరు: మాస్టారూ, నాది రాయగడ. సుంకి ఎక్కి పైన టీకి ఆపితే మళ్లీ స్టార్ట్ అవ్వదు. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేస్తే అవుతుంది. ఇది కూడా హీటేనా?

వేడే బాబూ, కానీ నీళ్లది కాదు, పెట్రోలుది. నువ్వు ఇంజన్ కట్టేశాక ఫ్యాన్ ఆగింది, పంపు ఆగింది, ఇనుములో ఉన్న వేడి మాత్రం ఎక్కడికి పోతుంది? అంబాసిడర్లో కార్బురేటర్ కింద నుంచే పొగ పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పోతుంది. పెట్రోలు ఆవిరై పైపులో గాలి బుడగలా నిలబడుతుంది, పంపు దాన్ని లాగలేదు. తడిగుడ్డ పాత డ్రైవర్లందరికీ తెలిసిన వైద్యం, తప్పేం లేదు. పైకెక్కాక వెంటనే కట్టేయకు. స్లో కొంచెం పెంచి రెండు నిమిషాలు నడవనిచ్చి, అప్పుడు కట్టేసి బానెట్ ఎత్తు. పెట్రోలు పైపు మానిఫోల్డ్‌కి ఆనుకుని పోతోందేమో చూసి దూరంగా జరుపు. రబ్బరు పైపులు ఇథనాల్ తట్టుకునేవి వేయించు. గుడ్డ పంపు మీద వెయ్యి కానీ, చెంబుడు నీళ్లు తెచ్చి వేడి హెడ్ మీద పోయకు. పగులుతుంది.

ఇంకొకరు: ఫ్యాన్ తీసేసి మారుతి ఎలక్ట్రిక్ ఫ్యాన్ వేయిద్దామనుకుంటున్నానండి.

మీ బండిలో కరెంటు పుట్టించేది డైనమోనా, ఆల్టర్నేటరా? (డైనమో అని జవాబు) అయితే వద్దండి. ఆ ఫ్యాన్ సుమారు పది ఆంపియర్లు లాగుతుంది. డైనమో స్లోలో ఇంచుమించు ఏమీ ఇవ్వదు, చార్జింగ్ లైటు మినుకుమినుకుమంటూ ఉంటుంది చూడండి. మీకు ఫ్యాన్ కావలసింది ఆగినప్పుడే, కరెంటు లేనిదీ అప్పుడే. బ్యాటరీ తినేస్తుంది, రాత్రి లైట్లు వేసుకుని గేటు దగ్గర ఆగితే మళ్లీ తోయించుకోవాలి. ఆల్టర్నేటర్ ఉంటే వేయించుకోవచ్చు, రిలే, అదే ఎక్కువ కరెంటు తట్టుకునే స్విచ్చు, పెట్టించండి. వైర్లు తారుమారైతే గాలి ముందుకి తన్నుతుంది, అది కూడా కాగితంతోనే తెలుస్తుంది.

ఒక అమ్మాయి: మా నాన్నగారి పద్మిని కారు నేను నడుపుతున్నానండి. కూలెంట్ పోయాలా, మంచినీళ్లు చాలా? ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్తున్నారు.

వేడి తీసుకుపోవడంలో నీళ్లని మించింది లేదమ్మా. కూలెంట్ కలిపితే ఆ గుణం కాస్త తగ్గుతుంది కూడా. అయినా పోయమనే అంటాను, తుప్పు పట్టకుండా ఉంటుంది, మరిగే వేడి పెరుగుతుంది. మనకి మంచు గడ్డకట్టే చలి లేదు కాబట్టి సగం సగం అక్కర్లేదు, మూడో వంతు కూలెంట్, మిగతాది డిస్టిల్డ్ వాటర్. బ్యాటరీ షాపులో దొరుకుతుంది. ముందు బ్లాకు ట్యాపు విప్పి బురదంతా కడిగించాకే పొయ్యి, మురికిలో కూలెంట్ పోస్తే డబ్బు దండగ. రెండేళ్లకోసారి మార్చెయ్యి. తీసిన కూలెంట్ వాకిట్లో పారబోయకు తల్లీ, తియ్యగా ఉంటుంది, ఆవులు, కుక్కలు నాకేస్తాయి. అది విషం. డబ్బాలో పట్టి మూత పెట్టి షెడ్డులో ఇచ్చెయ్యి.

సరే, ఇక్కడ కూర్చుంటే ఇంకేం తెలియదు. బండ్ల దగ్గరికి పదండి. ముందు ఎవరి బానెట్ ఎత్తుదాం?